ముక్కు దించడమే మొదటి పాఠం

మూడు నాలుగు వేల అడుగుల ఎత్తు. కింద చెరువులు, పొలాల గట్లు, ఊరి చివర రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంటాయి. కుడి సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్‌ని పూర్తిగా వెనక్కి లాగేస్తాడు. ఇంజిన్ హోరు సన్నగిల్లుతుంది. "ఎత్తు తగ్గనివ్వకు, పట్టుకో" అంటాడు. ఎడమ సీట్లోని విద్యార్థిని స్టీరింగ్ లాంటి యోక్‌ని కొద్దికొద్దిగా తన వైపు లాక్కుంటుంది. ముక్కు పైకి లేస్తుంది, వేగం పడిపోతుంది. అరవై నాట్లు, యాభై ఐదు, యాభై. ఎడమ రెక్క అంచులోని హారన్ సన్నగా కూయడం మొదలుపెడుతుంది. యోక్ చేతిలో వదులైపోతుంది. రెక్కల మీద చెదిరిన గాలి తోకను కొడుతుంటే విమానమంతా వణుకుతుంది. మరుక్షణం, యోక్ ఇంకా ఛాతీ దగ్గరే ఉన్నా, ముక్కు దానంతటదే నేలవైపు వాలిపోతుంది.

ఆ క్షణంలో కొత్తవాళ్ల చెయ్యి చేసే పని దాదాపు ఎప్పుడూ ఒకటే. ఇంకా గట్టిగా లాగుతుంది. కళ్లెదుట నేల కనిపిస్తోంది, పైకి పోవాలి, లాగితే పైకి పోతుంది కదా! ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు: "ముందుకు వదులు!" యోక్ ముందుకు వెళ్లిందో లేదో రెక్క మళ్లీ బరువు ఎత్తుకుంటుంది. థ్రాటిల్ పెంచితే వేగం వస్తుంది. ఒకటి రెండు వందల అడుగులు పోగొట్టుకుని విమానం మళ్లీ మామూలుగా ఎగురుతుంది.

దీన్నే స్టాల్ అంటారు. నడిరోడ్డు మీద కారు ఇంజిన్ ఆగిపోవడానికీ దీనికీ సంబంధం లేదు. ఇంజిన్ నిక్షేపంగా తిరుగుతుండగానే రెక్క మోయడం మానేయొచ్చు. చిన్న విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు చెప్పే సవాలక్ష సంగతుల్లో బుర్రకే కాదు, చేతికి కూడా ఎక్కాల్సిన సంగతి ఇది. గాలిలో జరిగిన పెద్ద ప్రమాదాల చరిత్ర తిరగేస్తే ఈ పాఠం ఎన్నిసార్లు ఎదురవుతుందో చూసి ఆశ్చర్యం కలుగుతుంది.

రెక్క ఎలా మోస్తుందనే దాని మీద ఒక తప్పుడు కథ స్కూలు పుస్తకాల దాకా పాకింది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైనుంచి వెళ్లే గాలికి దూరం ఎక్కువ, కిందనుంచి వెళ్లే గాలిని వెనక అంచు దగ్గర కలుసుకోవడానికి అది తొందరపడుతుంది అన్నది ఆ కథ. నిజానికి ఆ రెండు గాలులూ కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. పై గాలి ఇంకా ముందే వెనక అంచు దాటిపోతుంది. అసలు జరిగేది వేరు. రెక్క గాలికి కొంచెం ఏటవాలుగా ఎదురు నిలిచి, ఆ గాలిని కిందికి మళ్లిస్తుంది. గాలిని కిందికి తోసినందుకు రెక్క పైకి తోయబడుతుంది. ఆ క్రమంలోనే రెక్క పైన పీడనం తగ్గుతుంది, కింద పెరుగుతుంది. న్యూటన్, బెర్నూలీ ఇద్దరూ ఇక్కడ ఒకే మాట చెబుతున్నారు.

సంక్రాంతికి గాలిపటానికి సూత్రం కట్టే పిల్లలకు ఈ ఏటవాలు విలువ బాగా తెలుసు. పై ముడి, కింది ముడి కొలత కుదరకపోతే ఎంత గాలి ఉన్నా పటం లేవదు, తల పైకెత్తి అక్కడే కొట్టుకుంటుంది. విమానం రెక్కదీ అదే లెక్క. ఎదురు గాలికీ రెక్కకూ మధ్య ఉండే ఈ కోణాన్ని పైలట్లు యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. కోణం పెంచేకొద్దీ రెక్క ఎక్కువ మోస్తుంది, కానీ ఒక హద్దు వరకే. చాలా చిన్న విమానాల రెక్కలకు ఆ హద్దు పదిహేను, పదహారు డిగ్రీల దగ్గర ఉంటుంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని జారలేక చెదిరిపోతుంది. అప్పుడు మోసే బలం ఒక్కసారిగా పడిపోతుంది. కోణం తగ్గిస్తే తప్ప తిరిగి రాదు. కోణం తగ్గించడమంటే యోక్‌ని ముందుకు వదలడమే.

జర్మన్ ఇంజినీరు ఓటో లిలియంతాల్ ఈ హద్దుకే బలయ్యాడు. ఇంజిన్ లేని గ్లైడర్లు తానే తయారుచేసుకుని, కొండల మీద నుంచి దాదాపు రెండు వేలసార్లు ఎగిరిన మనిషి ఆయన. 1896 ఆగస్టు 9న గాలిలో ఉండగా గ్లైడర్ ముక్కు పైకి లేచి, స్టాల్ అయి, సుమారు పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడిపోయింది. మర్నాడు బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆ మరణవార్తే అమెరికాలో సైకిళ్ల షాపు నడుపుతున్న రైట్ సోదరుల్లో ఎగరడం మీద ఆసక్తిని మళ్లీ రాజేసింది. వాళ్లు తమ విమానానికి ముక్కును ఎత్తే దించే పలకను తోక దగ్గర కాకుండా ముందువైపు పెట్టుకోవడానికి ఒక కారణం లిలియంతాల్‌కి పట్టిన గతి తమకు పట్టకూడదనే.

ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది పైలట్లు ఓనమాలు దిద్దుకునేది సెస్నా 172 మీద. 1956 నుంచి తయారవుతున్న ఈ నాలుగు సీట్ల విమానాలు ఇప్పటికి 44,000 పైచిలుకు వచ్చాయి. మరే విమానమూ ఇన్ని తయారు కాలేదు. ఇప్పటి మోడల్‌కి 180 హార్స్‌పవర్ ఇంజిన్. మనుషులూ పెట్రోలూ అన్నీ కలిపి 1,157 కిలోలు మించకూడదు. దీని వేగం మీటరు రంగులతోనే పాఠం చెప్పేస్తుంది. తెల్ల చాపం రెక్కల వెనక అంచులోని ఫ్లాప్స్ దించుకోదగ్గ వేగాలకు, ఆకుపచ్చ మామూలు వేగాలకు. పసుపులోకి గాలి నిమ్మళంగా ఉన్నప్పుడే వెళ్లాలి. 163 నాట్ల దగ్గరి ఎర్ర గీత ఎప్పుడూ దాటకూడదు. ఆకుపచ్చ మొదలయ్యే 48 నాట్లే ఫ్లాప్స్ ఎత్తి ఉన్నప్పుడు ఇది స్టాల్ అయ్యే వేగం.

అయితే ఆ 48ని దేవుడి వాక్కులా నమ్మకూడదు. నిండు బరువుతో, తిన్నగా, సాఫీగా వెళ్తున్నప్పటి లెక్క అది. విమానాన్ని పక్కకు వాల్చి మలుపు తిప్పితే రెక్క విమానం బరువుతో పాటు మలుపు బరువునూ మోయాలి. నలభై ఐదు డిగ్రీలు వాల్చితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. అరవై డిగ్రీలు వాల్చితే సీట్లో మనిషి బరువు రెట్టింపవుతుంది, స్టాల్ వేగం దాదాపు 68 నాట్లకు చేరుతుంది. అంటే, తిన్నగా వెళ్లేటప్పుడు హాయిగా ఉన్న వేగమే గట్టి మలుపులో ప్రాణాంతకం కావచ్చు. విమానం స్టాల్ కావడానికి కారణం తక్కువ వేగం అని చెప్పడం సౌకర్యం కోసమే. అసలు కారణం ఎప్పుడూ ఆ కోణమే.

మలుపు అనగానే కొత్తవాళ్లు రడ్డర్ గుర్తుచేసుకుంటారు, పడవకు చుక్కాని ఉన్నట్టు. విమానం తిరిగేది రడ్డర్‌తో కాదు. యోక్‌ని పక్కకు తిప్పితే రెక్కల చివరి ఎయిలరాన్లు ఒక రెక్కను దించి ఇంకో రెక్కను ఎత్తుతాయి. వాలిన రెక్కల బలమే విమానాన్ని మలుపులోకి లాగుతుంది. కాలి కింద పెడళ్లతో నడిచే రడ్డర్ పని ముక్కు పక్కకు జారకుండా సరిచూడటం. టేకాఫ్‌లో మాత్రం అది క్షణం తీరిక ఇవ్వదు. ప్రొపెల్లర్ తిరిగే తీరు వల్ల పూర్తి పవర్‌లో ముక్కు ఎడమకు లాగుతుంది. "రైట్ రడ్డర్, రైట్ రడ్డర్!" అన్న కేక వినకుండా పైలట్ అయినవాళ్లు ఉండరు.

మలుపులో పెరిగే స్టాల్ వేగం, రడ్డర్ వాడకం: ఈ రెండు సంగతులూ కలిసి ప్రమాదంగా మారే చోటు ఒకటుంది. రన్‌వే చుట్టూ వెయ్యి అడుగుల ఎత్తులో దీర్ఘచతురస్రంలా తిరిగి దిగడాన్ని సర్క్యూట్ అంటారు. చివరి మలుపులో రన్‌వేకి ఎదురుగా రావాలి. గాలి వెనక నుంచి తోస్తే మలుపు ఆలస్యమై, రన్‌వే పక్కకు జారిపోతుంది. ఇంకా వాల్చడానికి భయపడిన విద్యార్థి ముక్కును రన్‌వే వైపు తిప్పుదామని లోపలి రడ్డర్ తొక్కుతాడు. ముక్కు కిందికి జారుతుంటే యోక్ లాగుతాడు. లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది, విమానం బొంగరంలా తిరుగుతూ పడుతుంది. ఆ స్పిన్‌లోంచి బయటపడే పద్ధతి ఉంది. థ్రాటిల్ తగ్గించాలి, ఎయిలరాన్లు మధ్యలో ఉంచాలి, తిరుగుతున్న వైపుకి ఎదురు రడ్డర్ తొక్కాలి, యోక్ ముందుకు తొయ్యాలి. కానీ దానికి ఎత్తు కావాలి. ఐదారు వందల అడుగుల్లో అది దొరకదు. అందుకే మలుపు కుదరకపోతే మంచి ఇన్‌స్ట్రక్టర్ చెప్పేది ఒక్కటే: వదిలేసి, పవర్ ఇచ్చి, ఇంకో చుట్టు తిరిగి రా.

ఎగరకముందే విమానం చుట్టూ ఒక చుట్టు తిరగాలి. చూసేవాళ్లకు తంతులా కనిపించినా ఇందులో ప్రతి అడుగు వెనకా ఒక కారణం ఉంది. రెక్క కింద చిన్న వాల్వ్‌కి పారదర్శకమైన కప్పు పెట్టి నొక్కితే కాస్త పెట్రోలు అందులోకి దిగుతుంది. దాన్ని వెలుగుకు ఎత్తి చూడాలి. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు లేత నీలం రంగులో ఉండాలి. నీళ్లు కలిసి ఉంటే పెట్రోలు కన్నా బరువు కాబట్టి అడుగున గుండ్రటి బుడగలా చేరతాయి. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా బయట ఉన్న విమానంలో తేమ నీరుగా మారడం మామూలే. ఆ నీరు ఇంజిన్‌కి చేరితే టేకాఫ్ మధ్యలో అది ఆగిపోవచ్చు. కొత్త విద్యార్థులు ఒక్కోసారి కప్పు నిండా నీళ్లే వచ్చినా గుర్తుపట్టరు, ఎందుకంటే నీటికీ పెట్రోలుకీ మధ్య గీత కనిపించదు. అందుకే రంగు చూడాలి, వాసన చూడాలి.

ఎడమ రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గొట్టం పిటో ట్యూబ్. వేగం మీటరు బతికేది దీని మీదే. ఎదురొచ్చే గాలి ఎంత గట్టిగా నెడుతోందో కొలిచి వేగం చెబుతుంది. కందిరీగలకు ఇలాంటి కన్నాలంటే ప్రాణం, రెండు రోజుల్లో మట్టితో పూడ్చేస్తాయి. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెర్టో ప్లాటా నుంచి బయలుదేరిన బిర్జెన్ ఎయిర్ బోయింగ్ 757 కొన్ని వారాలు కదలకుండా నిలిచి ఉన్న విమానం. టేకాఫ్ పరుగులోనే కెప్టెన్ వైపు వేగం మీటరు సరిగ్గా పనిచేయలేదు, అయినా విమానం లేచింది. పైకెక్కేకొద్దీ అది వేగం మరీ ఎక్కువైపోయిందని చూపిస్తుంటే సిబ్బంది అయోమయంలో పడ్డారు. అసలు వేగం తగ్గిపోయి, విమానం స్టాల్ అయి అట్లాంటిక్ సముద్రంలో కూలింది. 189 మందీ చనిపోయారు. పిటో ట్యూబ్‌లో కందిరీగల గూడే దీనికి కారణమై ఉంటుందని దర్యాప్తు అధికారులు భావించారు. గొట్టానికి ఎర్ర రిబ్బన్ ఉన్న కవర్ తొడగడం, ఎగిరే ముందు మరిచిపోకుండా తీయడం చిన్న పని కాదు.

చెక్‌లిస్ట్ పుట్టుక కూడా ఇలాంటి ఒక మరపు నుంచే. 1935 అక్టోబర్ 30న అమెరికాలో డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే నాలుగు ఇంజిన్ల బాంబర్‌ని సైన్యం పరీక్షిస్తోంది. నేల మీద ఉన్నప్పుడు ఈదురుగాలికి కంట్రోళ్లు కొట్టుకోకుండా వేసే తాళం తీయకుండానే టేకాఫ్ అయ్యారు. విమానం నిటారుగా లేచి, స్టాల్ అయి, కూలి మండిపోయింది. పైలట్ మేజర్ ప్లాయర్ హిల్ మరణించాడు, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ గాయాలతో తర్వాత చనిపోయాడు. ఒక మనిషి జ్ఞాపకం మోయలేనంత క్లిష్టమైన విమానం అని అనిపించుకున్న దానికి పరిష్కారం ఒక కాగితం మీద రాసుకున్న జాబితా అయింది. ఆ విమానమే బి-17గా 12,000కు పైగా తయారైంది. సెస్నాలోనూ యోక్‌ని కదలకుండా పట్టి ఉంచే పిన్ను ఉంటుంది. అది తీశామా, కంట్రోళ్లు నాలుగు వైపులా స్వేచ్ఛగా, సరైన దిక్కుకు కదులుతున్నాయా అన్నది నేటికీ ప్రతి చెక్‌లిస్ట్‌లో ఒక పంక్తి.

తెలుగు నేల మీద నేర్చుకునేవాళ్లకు ఎండ మరో గురువు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాక కూడా బేగంపేట నుంచి శిక్షణ విమానాలు ఎగిరాయి. ఆ రన్‌వే సముద్రమట్టానికి 1,740 అడుగుల ఎత్తున ఉంది. విమానాల లెక్కల్లో ప్రామాణిక వాతావరణం అంటే సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్, ప్రతి వెయ్యి అడుగులకూ రెండు డిగ్రీలు తగ్గుతూ పోవడం. ఆ లెక్కన బేగంపేటలో ఉండాల్సింది పదకొండున్నర డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 ఉంటే ముప్పై డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే, గాలి పలచదనం 5,300 అడుగుల ఎత్తులో ఉన్నట్టు తేలుతుంది. దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. చక్రాలు హైదరాబాద్ నేల మీదే ఉన్నా ఇంజిన్, ప్రొపెల్లర్, రెక్క మూడూ కొండ మీద పనిచేస్తుంటాయి. పరుగు పొడవవుతుంది, పైకెక్కడం నెమ్మదిస్తుంది. మీటర్లో అదే 55 నాట్లకు చక్రాలు లేస్తాయి గానీ నేల మీద అసలు వేగం అంతకన్నా ఎక్కువ. చిన్న విమానాల శిక్షణ తెల్లవారగానే మొదలుపెట్టడానికి చల్లదనం ఒక్కటే కాదు, ఈ లెక్కా కారణమే.

ఎత్తు మీటరుదీ గాలితోనే బేరం. అది కొలిచేది ఎత్తుని కాదు, పీడనాన్ని. అందుకే బయలుదేరే ముందు ఆ రోజు పీడనం ఎంతో ఏటీసీ చెబుతుంది, పైలట్ మీటరులోని చిన్న కిటికీలో ఆ అంకె తిప్పి పెట్టుకుంటాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి విశాఖ మీద పీడనం 1013 నుంచి 1003 హెక్టోపాస్కల్స్‌కి పడిందనుకుందాం. మీటరు పాత అంకె మీదే ఉంటే విమానం దాదాపు 280 అడుగులు కిందున్నా పైన ఉన్నట్టు చూపిస్తుంది. మబ్బులో కొండల పక్క నుంచి వెళ్లేవాళ్లకు అది చాలా పెద్ద తేడా.

ఇంజిన్ ఆగిపోతే? బయటివాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. రాయిలా పడిపోదు. సెస్నా 172ని 68 నాట్ల దగ్గర పట్టుకుంటే వెయ్యి అడుగుల ఎత్తుకు రెండున్నర కిలోమీటర్లకు కాస్త పైగా జారుకుంటూ వెళ్తుంది. మూడు వేల అడుగుల్లో ఉంటే పొలం ఎంచుకునే వ్యవధి ఉంటుంది. అసలు ప్రమాదం టేకాఫ్ అయిన కొన్ని క్షణాలకే ఇంజిన్ ఆగినప్పుడు. వెనక రన్‌వే అంత దగ్గరగా ఉంది కదా అని మనసు తిరిగి రమ్మంటుంది. తిరగడానికి 180 డిగ్రీలు చాలవు, మళ్లీ రన్‌వే గీతకు వరస కలపాలంటే ఇంకా తిప్పాలి. ఆ గట్టి మలుపులో స్టాల్ వేగం పెరుగుతుంది, ఎత్తు కరిగిపోతుంది. అందుకే తక్కువ ఎత్తులో ఇంజిన్ పోతే ముక్కు దించి, ఎదురుగా ఉన్నదాంట్లో మంచి చోటు చూసుకుని దిగమనే నేర్పుతారు. పొలంలో చక్రాలు విరిగినా మనుషులు నడిచి బయటికి వచ్చిన సందర్భాలు కోకొల్లలు.

మన దేశంలో ఈ చదువుకు హద్దులు పెట్టేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ. పదహారేళ్లకు స్టూడెంట్ పైలట్ లైసెన్స్, పద్దెనిమిదికి కమర్షియల్ లైసెన్స్. కమర్షియల్ కావాలంటే 200 గంటలు ఎగిరి ఉండాలి, అందులో వంద గంటలు తానే పైలట్‌గా ఉండాలి. ఎయిర్ నావిగేషన్, మెటియోరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు పాసవ్వాలి, రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష. ఇక్కడ సీట్లు, విమానాలు చాలక అమెరికాలోని ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనాలకు వెళ్లి గంటలు పూర్తిచేసుకుని, తిరిగొచ్చి లైసెన్స్ మార్చుకునే తెలుగు పిల్లలు చాలామంది. ఎక్కడ నేర్చుకున్నా తొలిసారి ఒంటరిగా ఎగిరే సోలో రోజు మాత్రం అందరికీ ఒకలాంటిదే. మూడు నాలుగు సర్క్యూట్లు చూసి ఇన్‌స్ట్రక్టర్ తలుపు తీసి దిగిపోతాడు. ఒక మనిషి బరువు తగ్గేసరికి విమానం అంతకుముందెన్నడూ లేనంత చురుగ్గా లేస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తు అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తుంది. అది ముందే చెప్పకపోతే విద్యార్థి కంగారుపడతాడు.

ఈ చిన్న విమానాల పాఠం పెద్ద విమానాల్లో మరుగున పడితే ఏమవుతుందో 2009 చూపించింది. ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర దిగబోతున్న కోల్గాన్ ఎయిర్ విమానంలో స్టాల్ హెచ్చరికగా కంట్రోల్ కాలమ్ కంపించింది. కెప్టెన్ దాన్ని వెనక్కి లాగాడు. విమానంలోని 49 మందితో పాటు కింద ఇంట్లో ఒకరు చనిపోయారు. జూన్ 1న రియో నుంచి పారిస్ వస్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో పిటో ట్యూబులు మంచు స్ఫటికాలతో మూసుకుపోయి ఆటోపైలట్ వదిలేసింది. నడుపుతున్న పైలట్ ముక్కు ఎత్తాడు. స్టాల్ హెచ్చరిక ఒక దశలో 54 సెకన్లపాటు ఆగకుండా మోగింది. 38,000 అడుగుల దగ్గర స్టాల్ అయిన విమానం, ఇంజిన్లు తిరుగుతూనే, సుమారు మూడున్నర నిమిషాల్లో సముద్రంలో పడింది. 228 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అప్పటి దాకా ఎయిర్‌లైన్ శిక్షణలో స్టాల్ పరీక్షంటే పవర్ పెంచి, ఎత్తు వీలైనంత తక్కువ పోగొట్టుకోవడం. ముక్కు దించడానికి సంకోచించే అలవాటు అక్కడే పడిందని గుర్తించాక, 2012లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తన మార్గదర్శకాలు మార్చింది. ముందు కోణం తగ్గించు, ఎత్తు సంగతి తర్వాత అన్నది కొత్త వరస. యూరప్ ఇంకో అడుగు ముందుకేసింది. 2019 డిసెంబర్ నుంచి అక్కడ ఎయిర్‌లైన్ జెట్ నడపడానికి తొలిసారి అర్హత పొందాలనుకునే పైలట్ ముందుగా కనీసం ఐదు గంటలు క్లాసులో, మూడు గంటలు గాలిలో, సిమ్యులేటర్‌లో కాకుండా నిజమైన విమానంలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, అదుపు తప్పిన విమానాన్ని దారికి తెచ్చే సాధన చేయాలి. ఆ సాధనలో స్టాల్‌లు, స్పిన్ మొదలయ్యే దశ రెండూ ఉంటాయి.